పిల్లల పౌరసత్వానికి యూనియన్ వేసిన బల్ల: కాలిఫోర్నియాలో ఒక ఉచిత సహాయ శిబిరంపై సమీక్ష

నేను సభ్యురాలిగా ఉన్న ఆస్పత్రి కార్మికుల యూనియన్ కాలిఫోర్నియాలోని తన హాల్లో అప్పుడప్పుడూ శనివారం పూట ఉచిత పౌరసత్వ సహాయ శిబిరం నడుపుతుంది. 2025 శరదృతువులో జరిగిన శిబిరానికి పౌరసత్వం కోరే నా ఎన్–400 దరఖాస్తు నింపించుకోవడానికి వెళ్లాను. మా వార్డులో శుభ్రత పని చేసే సహోద్యోగి ఒకామె తన ఇద్దరు పిల్లల పాస్‌పోర్టుల కోసం నాతో వచ్చింది. నాకు వరసకు తమ్ముడయ్యే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నెలలు నిండిన అతని భార్య కూడా వచ్చారు. వాళ్లది నింపాల్సిన కాగితమేమీ లేదు, తీర్చుకోవాల్సిన భయం ఒకటి ఉంది. పేరుకు పౌరసత్వ శిబిరమే అయినా ఆ రోజు అక్కడికి చేరినవాళ్లలో ఎక్కువమందిని నడిపించింది పిల్లల సంగతే. కాగితాల పనిలో ఈ శిబిరం డబ్బు పుచ్చుకునే చాలా ఆఫీసుల కంటే మెరుగని, వలస కుటుంబాల పిల్లల విషయంలో కార్మిక ఉద్యమం వైఖరి ఏమిటో చెబుతామంటూ మధ్యలో పెట్టిన ఉపన్యాసం మాత్రం సగం నిజంతో సరిపెట్టిందని నా అభిప్రాయం. మొదటి పనికి ఐదుకు నాలుగున్నర, రెండోదానికి రెండున్నర మార్కులు ఇస్తాను.

తలుపు దగ్గర కూర్చున్న కార్యకర్త పేరు, మాట్లాడే భాష, వచ్చిన పని, ఈ మూడే అడిగారు. ఏ హోదాలో ఉన్నారు, దేశంలోకి ఎప్పుడు, ఎలా వచ్చారు అన్న ప్రశ్నలు లోపలి గదిలో, తలుపు వేసుకున్న తర్వాత, న్యాయవాది నోటి నుంచి మాత్రమే వచ్చాయి. న్యాయమూర్తి సంతకం ఉన్న వారంటు లేకుండా అధికారులెవరూ ఈ ఆవరణలోకి రావడానికి వీల్లేదని ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ రాసిన కాగితం తలుపుకు అంటించి ఉంది. సేవారంగ కార్మికుల సంఘం ఎస్ఈఐయూ కాలిఫోర్నియా విభాగం అధ్యక్షుడు డేవిడ్ వెర్టాను 2025 జూన్ 6న లాస్ ఏంజెలెస్‌లో ఇమిగ్రేషన్ దాడి జరుగుతున్న చోటే అరెస్టు చేసిన తర్వాత ఈ రాష్ట్రపు యూనియన్ హాళ్లలో ఇలాంటి జాగ్రత్తలు మామూలైపోయాయి. నిజంగా ఎవరైనా వస్తే ఆ కాగితం ఎంతవరకు ఆపుతుందో గానీ, దాన్ని చదివాక నా సహోద్యోగి చేతిసంచీని గుండెలకు అదుముకోవడం మానేసి ఒళ్లో పెట్టుకుంది.

పాస్‌పోర్టుల బల్ల ఈ సేవకు తలమానికం. అక్కడ కూర్చున్నది ఉద్యోగ విరమణ చేసిన ఒక కౌంటీ గుమస్తా. నా సహోద్యోగి ప్లాస్టిక్ కవరులోంచి రెండు జనన ధ్రువపత్రాలు తీసి ముందు పెట్టగానే ఆయన ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తి చూసి, ముద్ర ఉన్నచోట వేలితో తడిమి, రెండో బిడ్డది పక్కకు జరిపారు. అది పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్లు జ్ఞాపకార్థం ఇచ్చిన, చిట్టి పాదాల ముద్రలున్న కాగితం. చూడముచ్చటగా ఉంటుంది గానీ ప్రభుత్వం దృష్టిలో దానికి విలువ లేదు. తల్లిదండ్రులిద్దరి పేర్లూ, రిజిస్ట్రారు ముద్రా ఉన్న ధ్రువీకృత ప్రతి తెచ్చుకోవాలని చెప్పి, ఎక్కడికి వెళ్లాలో చీటీ మీద రాసిచ్చారు. మొదటి బిడ్డకు పాస్‌పోర్టు దరఖాస్తు డీఎస్–11 ఫారం అక్కడికక్కడే మొదలైంది. అందులో తల్లిదండ్రులు పుట్టిన తేదీ, పుట్టిన చోటు, అమెరికా పౌరులా కాదా అన్న గడులు ఉన్నాయి. పౌరులు కాకపోతే ఏ హోదాలో ఉన్నారని అడిగే గడి లేదు. ఆమె కలం ఆ ‘కాదు’ అన్న గడి మీద చాలాసేపు ఆగిపోయింది. ‘అడిగినదానికి అబద్ధం రాయొద్దు, అడగనిది చెప్పొద్దు’ అన్నారాయన. ఈ ఒక్క మాట కోసం బయట ఎంతమంది దళారులకు డబ్బులు పోస్తున్నారో ఆలోచిస్తే ఈ బల్ల విలువ తెలుస్తుంది.

ఆ బల్ల దగ్గర విన్న మిగతా సంగతులు కూడా అవసరమైనవాళ్లకు పనికొస్తాయి. పదహారేళ్లలోపు బిడ్డ పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరూ బిడ్డతో సహా హాజరు కావాలి. ఒకరు రాలేకపోతే వారి సమ్మతిని డీఎస్–3053 ఫారం మీద నోటరీ చేయించి తేవాలి. తల్లిదండ్రుల గుర్తింపుకు సొంత దేశపు పాస్‌పోర్టు సరిపోతుంది, మెక్సికో కాన్సులేట్ ఇచ్చే మాట్రిక్యులా కార్డును కూడా తీసుకుంటారు. రుసుము 100 డాలర్లు విదేశాంగ శాఖ పేరున, 35 డాలర్లు దరఖాస్తు తీసుకునే పోస్టాఫీసుకో గ్రంథాలయానికో వేరుగా చెల్లించాలి. ఆ పాస్‌పోర్టు ఐదేళ్లు చెల్లుతుంది. యూనియన్ ఈ రుసుములు భరించదు, దరఖాస్తును తానుగా సమర్పించదు. తప్పుల్లేకుండా నింపించి పంపుతుంది. పౌరసత్వం పుట్టుకతోనే వచ్చింది కనుక పాస్‌పోర్టు దానికి రుజువు మాత్రమేనని, రుజువు చేతిలో లేనివాడికి ఆ పౌరసత్వం అక్కరకు రావడం కష్టమని ఆయన విడమరచి చెప్పిన తీరు బాగుంది.

నా పని తొందరగానే ముగిసింది. నాతోపాటు భారతదేశం నుంచి వచ్చిన నా కూతురికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు, గ్రీన్‌కార్డు ఉంది, నా దగ్గరే ఉంటుంది. కాబట్టి నేను పౌరసత్వ ప్రమాణం చేసిన రోజునే, తన తరఫున వేరే దరఖాస్తు లేకుండానే, అది కూడా పౌరురాలైపోతుంది. 2000లో చేసిన బాలల పౌరసత్వ చట్టం ఆ వెసులుబాటు ఇచ్చింది. నా పక్క కుర్చీలో డాకా పునరుద్ధరణకు వచ్చిన కుర్రాడు ఈ మాట విని, తాను రెండేళ్ల వయసులో ఈ దేశానికి వచ్చానని, తన తల్లి ఏ ప్రమాణం చేసే అవకాశమూ లేదని మామూలుగా, ఏ నిష్ఠూరమూ లేకుండా అన్నాడు. 2012 జూన్ 15న ప్రకటించిన డాకా కింద పదహారేళ్లు నిండకముందు వచ్చి, 2007 జూన్ 15 నుంచి ఇక్కడే ఉంటున్నవారికి రెండేళ్లకోసారి పునరుద్ధరించుకునే పని అనుమతి, బహిష్కరణ నుంచి తాత్కాలిక రక్షణ దొరుకుతాయి. పౌరసత్వం మాట అటుంచి గ్రీన్‌కార్డుకు కూడా అది దారి చూపదు. ఆన్‌లైన్‌లో 555, కాగితం మీదైతే 605 డాలర్లు ప్రతి రెండేళ్లకూ కట్టుకుంటూ పోవాల్సిందే. తల్లికి కాగితం ఉండటం, బిడ్డ సరిహద్దుకు ఈవల పుట్టడం, ఆవల పుట్టడం అనే తేడాలతో పిల్లల రాతలు ఎలా విడిపోతాయో ఆ వరుసలో కూర్చున్నవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

న్యాయవాది గదిలో నా సహోద్యోగి కోరిక మేరకు నేనూ కూర్చున్నాను. ఇక్కడ బిడ్డను కంటే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు వచ్చేస్తుందన్న ప్రచారం వలసలను వ్యతిరేకించేవాళ్లలోనే కాదు, మన తెలుగువాళ్ల విందుల్లో కూడా వినిపిస్తూ ఉంటుంది. ఆ న్యాయవాది దాన్ని ఒక్కో మెట్టుగా విప్పి చూపించారు. పౌరసత్వమున్న బిడ్డ తల్లి కోసం ఐ–130 అనే కుటుంబ వలస దరఖాస్తు వేయాలంటే ముందు ఇరవై ఒక్కేళ్లు నిండాలి. తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చిన తల్లి సాధారణంగా ఇక్కడే ఉండి గ్రీన్‌కార్డు పొందలేదు, స్వదేశానికి వెళ్లి వీసా తెచ్చుకోవాలి. అలా బయట అడుగు పెట్టగానే 1996 నాటి చట్టం ప్రకారం, ఏడాదికి మించి అక్రమంగా ఉన్నందుకు పదేళ్ల నిషేధం పడుతుంది. ఆ నిషేధం నుంచి మినహాయింపు కోరాలంటే పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయిన భర్తకు లేదా తల్లిదండ్రులకు తీవ్రమైన కష్టం కలుగుతుందని చూపాలి. కొడుకుకూ కూతురికీ కలిగే కష్టం అక్కడ లెక్కలోకి రాదు. అంటే ఏ బిడ్డను అడ్డు పెట్టుకుని తల్లి ఇక్కడ పాతుకుపోయిందని నింద వేస్తారో, ఆ బిడ్డ కన్నీరు చట్టం కళ్లకు కనబడదు. తనకు దారి లేదన్న ఈ కబురును నా సహోద్యోగి నిబ్బరంగానే విన్నది. అబద్ధపు ఆశ అమ్మకుండా ఆ మాట చెప్పినందుకు ఈ శిబిరానికి నేను ఎక్కువ మార్కులు వేశాను. నోటరీ బోర్డు తగిలించుకుని న్యాయవాదులుగా చెలామణీ అయ్యే ‘నొటారియో’ల చేతుల్లో ఇదే ప్రశ్నకు వేల డాలర్లు పోగొట్టుకున్నవాళ్లు ఆ హాల్లోనే ఉన్నారు.

ఇక మా తమ్ముడి భయం. అతనిది హెచ్–1బీ ఉద్యోగ వీసా, భార్యది దాని మీద ఆధారపడ్డ హెచ్–4. 2025 జనవరి 20న ట్రంప్ సంతకం చేసిన 14160వ కార్యనిర్వాహక ఉత్తర్వు పత్రాలు లేనివారి పిల్లలకే పరిమితమని చాలామంది అనుకున్నారు గానీ, తల్లి చట్టబద్ధంగానే అయినా తాత్కాలికంగా ఉంటూ, తండ్రి పౌరుడో శాశ్వత నివాసో కాని పక్షంలో కూడా ఆ బిడ్డకు పౌరసత్వం లేదని అందులో ఉంది. ముప్పై రోజుల తర్వాత పుట్టే పిల్లలకు వర్తిస్తుందన్నారు. సియాటిల్‌లో న్యాయమూర్తి జాన్ కఫనార్ మూడో రోజునే దాన్ని నిలిపివేశారు. దేశమంతటికీ వర్తించే ఇలాంటి స్టేలు ఇచ్చే అధికారాన్ని జూన్ 27న సుప్రీంకోర్టు కుదించింది. జూలై 10న న్యూ హాంప్‌షైర్‌లో న్యాయమూర్తి జోసెఫ్ లప్లాంట్ అలాంటి పిల్లలందరినీ ఒక వర్గంగా గుర్తించి మళ్లీ ఆపేశారు. ఉత్తర్వు అమల్లోకి రాలేదని, మేము వెళ్లిన నాటికి పుట్టే బిడ్డ పౌరుడేనని, పుట్టగానే ధ్రువపత్రమూ పాస్‌పోర్టూ తీసి పెట్టుకొమ్మని న్యాయవాది చెప్పడంతో మరదలు ఊపిరి పీల్చుకుంది. బయటికి వచ్చాక మా తమ్ముడు మాత్రం ‘అక్కా, ఇన్నేళ్లు ట్యాక్సులు కట్టి, లైన్లో నిలబడి, చివరికి మనకీ వీళ్లకీ ఒకటే బల్లా?’ అన్నాడు. ఒకటే బల్ల. ఆ ఉత్తర్వు రాసినవాళ్లే అలా కూర్చోబెట్టారు. సుప్రీంకోర్టు డిసెంబర్ 5న ఈ అంశాన్ని నేరుగా విచారణకు స్వీకరించింది కాబట్టి ఇకపై వెళ్లేవాళ్లు అప్పటి పరిస్థితిని న్యాయవాదిని అడిగి తెలుసుకోవడం అవసరం.

మధ్యలో జరిగిన ఉపన్యాసం గురించి కాస్త విస్తరంగా చెప్పాలి. తెర మీది మొదటి చిత్రం 2000 ఫిబ్రవరి 16 నాటిది. ఆ రోజు న్యూ ఆర్లియన్స్‌లో సమావేశమైన, అమెరికా యూనియన్ల అతిపెద్ద సమాఖ్య ఏఎఫ్ఎల్–సీఐఓ కార్యవర్గం, పత్రాలు లేని కార్మికులకు చట్టబద్ధత కల్పించాలని, వారిని పనిలో పెట్టుకున్న యజమానులపై జరిమానాలు వేసే విధానాన్ని ఎత్తివేయాలని తీర్మానించింది. అక్కడి నుంచి కథ నేరుగా ముందుకు సాగింది: 2003లో బస్సుల్లో వాషింగ్టన్‌కూ న్యూయార్క్‌కూ సాగిన వలస కార్మికుల స్వేచ్ఛా యాత్ర, 2010లో ప్రతినిధుల సభలో నెగ్గి డిసెంబర్ 18న సెనేట్‌లో 55–41 ఓట్లు వచ్చినా కావలసిన 60 అందక ఆగిపోయిన, చిన్నప్పుడే వచ్చిన వలస పిల్లలకు చట్టబద్ధత ఇచ్చే డ్రీమ్ యాక్ట్, 2013లో సెనేట్ 68–32తో ఆమోదించినా దిగువ సభ చర్చకే తీసుకోని సంస్కరణ బిల్లు, ఈ మూడింటికీ యూనియన్లు ఇచ్చిన మద్దతు. చెప్పినవన్నీ నిజాలే. అయితే 2000లో తీర్మానం చేయాల్సి వచ్చిందంటే అంతకుముందు వైఖరి వేరుగా ఉండేదన్న సంగతి వినేవాళ్లకు తట్టకుండా ఎలా ఉంటుంది?

జన్మతః పౌరసత్వానికి పునాది 1868లో ఆమోదం పొందిన 14వ సవరణ. నల్లజాతివారు పౌరులు కాలేరని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తుడిచిపెట్టడానికి అంతర్యుద్ధం తర్వాత తెచ్చినది. విదేశీయుల పిల్లలకు అది వర్తిస్తుందని తేల్చిన కేసు 1898 నాటి వాంగ్ కిమ్ ఆర్క్‌ది. అతను శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనా సంతతి వంటవాడు, అంటే చేతిపనితో బతికే కార్మికుడు. 1895లో చైనా నుంచి తిరిగి వస్తే ఓడ దిగనివ్వలేదు. అతన్ని ఆపడానికి వాడిన చైనీయుల బహిష్కరణ చట్టం 1882లో రావడానికి గట్టిగా ఒత్తిడి తెచ్చినవాళ్లలో కాలిఫోర్నియా కార్మిక సంఘాలు ముందు వరుసలో ఉన్నాయి. డెనిస్ కియర్నీ నాయకత్వంలోని వర్కింగ్‌మెన్స్ పార్టీ ‘చైనీయులు పోవాలి’ అన్న నినాదంతోనే పెరిగింది. లండన్‌లో పుట్టి చిన్నప్పుడే న్యూయార్క్‌కు వలస వచ్చిన చుట్టల కార్మికుడు శామ్యూల్ గాంపర్స్, ఏఎఫ్ఎల్–సీఐఓకు ముందున్న సమాఖ్య ఏఎఫ్ఎల్ అధ్యక్షుడిగా దశాబ్దాల పాటు ఆ బహిష్కరణను సమర్థించాడు. అన్నం తిని బతికే ఆసియా కూలీ ముందు మాంసం తినే అమెరికా కార్మికుడు నిలవలేడన్న వాదనతో ఆ సంస్థ కరపత్రమే అచ్చు వేసింది. మూడు పూటలా అన్నం తినే జాతికి చెందినదాన్ని కాబట్టి ఆ వాక్యం నాకు మరచిపోవడం కష్టం.

1903లో ఇదే కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ చక్కెర దుంపల పొలాల్లో జపాన్, మెక్సికో కార్మికులు కలిసి సంఘం పెట్టి సమ్మె గెలిచారు. అనుబంధం కోరితే, చైనా, జపాన్‌వాళ్లను చేర్చుకోకపోతేనే ఇస్తానన్నాడు గాంపర్స్. మెక్సికన్ కార్యదర్శి లిజారాస్ తమ జపాన్ సహచరులను వదులుకునేది లేదని ఆ పత్రాన్ని నిరాకరించాడు. యూనియన్ హాల్లో చెప్పుకోవడానికి ఇంతకంటే గొప్ప కథ ఏముంటుంది? అయినా చెప్పలేదు. 1907 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీ కార్మికులను, ఎక్కువమంది సిక్కులే అయినా ‘హిందువులు’ అని పిలుస్తూ, తెల్లజాతి కార్మికుల గుంపు కొట్టి ఊరు నుంచి తరిమేసింది. కూలి తగ్గిస్తున్నారన్నదే అప్పటి ఆరోపణ. వ్యవసాయ కార్మికుల నాయకుడిగా అందరూ తలచే సీజర్ చావెజ్ సంఘం కూడా సమ్మెలను విచ్ఛిన్నం చేయడానికి రైతులు తెచ్చే పత్రాలు లేని కూలీలను 1974లో ఇమిగ్రేషన్ అధికారులకు పట్టించే ప్రచారం నడిపింది. 1986 నాటి వలస చట్టంలో యజమానులపై ఆంక్షలు పెట్టాలని కోరినవాళ్లలో ఏఎఫ్ఎల్–సీఐఓ ఒకటి. ఆ చట్టం కిందే సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధత దొరికిందన్నదీ నిజమే.

ఈ పాత బరువు చెప్పకపోతే ఉద్యమం ఎందుకు తిరిగిందో అర్థం కాదు, నా ఫిర్యాదు అదే. ఆంక్షల చట్టం వచ్చాక యజమాని భయపడలేదు, కార్మికుడు భయపడ్డాడు. ఉద్యోగంలో పెట్టుకునేటప్పుడు చూడని కాగితాలు యూనియన్ కార్డుల మీద సంతకాలు మొదలవగానే అడగడం ఆనవాయితీ అయింది. 1990లో లాస్ ఏంజెలెస్‌లోని సెంచరీ సిటీలో పోలీసు దెబ్బలు తిని మరీ సమ్మె గెలిచిన, భవనాలు శుభ్రం చేసే జానిటర్లలో ఎక్కువమంది మధ్య అమెరికా, మెక్సికో వలసదారులు. వీళ్లు సంఘాల్లో చేరనే చేరరన్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది. పత్రాలు లేని కార్మికుణ్ని సంఘం పెట్టినందుకు అక్రమంగా తీసేసినా వెనక జీతం ఇవ్వనక్కర్లేదని 2002లో హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో సుప్రీంకోర్టు 5–4తో చెప్పడంతో ఆ లెక్క మరింత స్పష్టమైంది. హక్కుల్లేని మనిషి పక్కన పనిచేసేవాడి హక్కులూ అరిగిపోతాయన్నది యూనియన్లు దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం.

పిల్లల పౌరసత్వంపై యూనియన్ల వాదన ఈ పాఠానికి కొనసాగింపే. ప్రశ్నల సమయంలో మా ఆస్పత్రి నిర్వహణ విభాగంలోని ఒక సీనియర్ ఎలక్ట్రీషియన్ లేచి, మన జీతంలోంచి కోసుకునే చందాతో సభ్యులు కూడా కానివాళ్ల పిల్లలకు పాస్‌పోర్టులు ఎందుకు తీయించాలని సూటిగానే అడిగారు. వేదిక మీదున్న సంఘ నిర్వాహకురాలు విసుక్కోలేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలో చదివి, పద్దెనిమిదేళ్లకు ఈ దేశపు పౌరుడు కాని కుర్రాడు తయారైతే వాడు ఎంత తక్కువ కూలికి, ఎంత ప్రమాదకరమైన పనికి ఒప్పుకోవాల్సి వస్తుందో, ఆ పని ఎవరి షిఫ్టులోంచి పోతుందో ఆలోచించమన్నారు. వాడి పిల్లలకూ పౌరసత్వం ఉండదు కాబట్టి తరతరాలుగా నోరెత్తలేని కూలీల వర్గం పుడుతుందని, అలాంటి వర్గం ఉన్నచోట ఏ ఒప్పందమూ నిలవదని చెప్పారు. ఆయన పూర్తిగా ఒప్పుకున్నట్టు కనిపించలేదు, అయినా కూర్చున్నారు. ఉపన్యాసమంతటిలోనూ విలువైన అయిదు నిమిషాలు అవే.

ఆ వాదన బలాన్ని ఒప్పుకుంటూనే నాకొక పేచీ ఉంది. బిడ్డను రేపటి కార్మికుడిగా మాత్రమే చూసే లెక్క గాంపర్స్ లెక్కకు తిరగేసిన రూపం. అప్పుడు కూలి పడిపోతుందని బయటికి నెట్టారు, ఇప్పుడు కూలి పడిపోతుందని లోపలికి పిలుస్తున్నారు. కూలి లెక్క మారితే ఏం చేస్తారు? 1982లో ప్లయ్లర్ కేసులో, టెక్సస్ బడుల నుంచి పత్రాలు లేని పిల్లలను తోసెయ్యడం చెల్లదని సుప్రీంకోర్టు 5–4తో చెప్పినప్పుడు, తల్లిదండ్రుల చేతలకు పిల్లలను శిక్షించడం న్యాయం కాదన్నది అందులో ముఖ్యమైన ఆధారం. యూనియన్లకూ ఆ భాష తెలియకపోలేదు: 2017లో డాకా రద్దుపై కోర్టుకెక్కినవారిలో శాంటా క్లారా కౌంటీతో కలిసి ఎస్ఈఐయూ లోకల్ 521, మరో కేసులో ఉపాధ్యాయుల సమాఖ్య ఏఎఫ్‌టీ, ఆహార, వాణిజ్య కార్మికుల యూఎఫ్‌సీడబ్ల్యూ ఉన్నాయి. 2020 జూన్ 18న సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టేసింది. నా పక్కన కూర్చున్న కుర్రాడి రెండేళ్ల కార్డు ఇంకా చెల్లుతోందంటే అందులో ఈ సంఘాల చందా డబ్బు కూడా ఉంది. దీన్ని ఒక్క చిత్రంలో దాటేయడం నాకు నచ్చలేదు.

ఉద్యమమంతా ఒకే మాట మీద ఉందన్న భ్రమ కల్పించడం మరో లోపం. సరిహద్దు గస్తీ సిబ్బందికీ యూనియన్ ఉంది. ఏఎఫ్ఎల్–సీఐఓలో భాగమైన కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంఘం ఏఎఫ్‌జీఈ కింద ఉంటూనే వాళ్ల బోర్డర్ పెట్రోల్ కౌన్సిల్ 2016లో ట్రంప్‌కు మద్దతు ప్రకటించింది. మరోవైపు, వలసల విషయంలో చాలాకాలం బిగదీసుకున్న భవన నిర్మాణ సంఘాలు 2025 వసంతంలో మేరీలాండ్‌కు చెందిన ఒక షీట్ మెటల్ అప్రెంటిస్‌ను పొరపాటున ఎల్ సాల్వడార్ జైలుకు పంపినప్పుడు, అతన్ని అతని కుటుంబం దగ్గరికి తిరిగి తీసుకురమ్మని తమ మహాసభలోనే గొంతెత్తాయి. ఇవి చెప్పి ఉంటే ఆ ఎలక్ట్రీషియన్ తాను ఒంటరినన్న భావంతో కూర్చునేవారు కాదేమో.

హెచ్–1బీ మాట వచ్చినప్పుడు వేదిక కాస్త తడబడింది. పుట్టే బిడ్డ హక్కును సమర్థిస్తారా అని మా తమ్ముడు అడిగితే ఆ నిర్వాహకురాలు నిస్సంకోచంగా అవునన్నారు. మరి నా వీసా సంగతేమిటి అంటే, యజమాని చేతిలో ఉండే తాత్కాలిక వీసాలను యూనియన్లు మెచ్చుకోవని, వచ్చినవాళ్లకు మొదటి నుంచే గ్రీన్‌కార్డు ఇచ్చి ఉద్యోగం మారే స్వేచ్ఛ ఇవ్వాలన్నది తమ అభిప్రాయమని అన్నారు. అది నిజాయితీ గల సమాధానమే. అయితే తల్లిదండ్రుల వెంట హెచ్–4 మీద వచ్చి, గ్రీన్‌కార్డు క్యూలో ఇరవై ఒక్కేళ్లు దాటిపోయి హోదా కోల్పోయే మన పిల్లలకు ఈ శిబిరంలో ఏ బల్లా లేదు. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధంగా ఉండటమే వాళ్లను డాకాకు అనర్హులను చేసింది. పిల్లల గురించి ఇంతగా మాట్లాడే సంఘం ఆ ప్రశ్నకు ఒక న్యాయవాదిని కేటాయిస్తే బాగుంటుంది.

సౌకర్యాల విషయంలో చిన్న చిన్న లోపాలున్నాయి. న్యాయవాది కోసం నిరీక్షణ చాలా ఎక్కువ, టోకెన్ పద్ధతి ఉన్నా పిలుపు వినబడదు. ఇంగ్లిషు, స్పానిష్, టాగలాగ్ తప్ప వేరే భాషలకు అనువాదకులు లేరు. నేను తెలుగులోకి చెప్పకపోతే మరదలికి సగం అర్థమయ్యేది కాదు. పిల్లలకు రంగుల పెన్సిళ్లు పెట్టిన మూల బాగుంది. డీఎస్–3053కు తప్పనిసరైన నోటరీని మాత్రం హాల్లో ఏర్పాటు చేయలేదు, అందుకోసం నా సహోద్యోగి మళ్లీ ఒక పూట సెలవు పెట్టాల్సి వచ్చింది. సభ్యులు కానివారిని కూడా రానిస్తారు, సభ్యత్వం పుచ్చుకోమని ఎవరూ ఒత్తిడి చేయలేదు. వెళ్లేవాళ్లు పిల్లల ధ్రువీకృత జనన పత్రాలు, రెండు అంగుళాల చదరపు ఫొటోలు, పాత ఇమిగ్రేషన్ కాగితాలేవైనా ఉంటే వాటి నకళ్లు పట్టుకెళ్లాలి. అరెస్టు గానీ బహిష్కరణ ఉత్తర్వు గానీ ఎప్పుడైనా ఉంటే ఏ ఫారం మీదా సంతకం పెట్టకముందే ఆ సంగతి లోపలి గదిలో న్యాయవాదికి చెప్పాలి.